ప్రొజెక్టర్లు: ఒకటి

నేను ఒక ప్రొజెక్టర్‌ని. పుట్టింది ఎక్కడో సముద్రం అవతలి ఫ్యాక్టరీలో అని నా అడుగున అంటించిన చీటీ చెబుతోంది గానీ, నాకు అక్కడి జ్ఞాపకం ఒక్కటే మిగిలింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను ఒకే ఒక్కసారి వెలిగించింది. ఎదుటి గోడ మీద పడ్డ నీలి వెలుగు చూసి తల ఊపింది. ఆ వెంటనే కంటికి మూత పెట్టి, అటూ ఇటూ థర్మాకోలు కుక్కి, అట్టపెట్టెలో మూసేసింది. తరువాత వెలుగు చూడ్డానికి నాకు మూడేళ్ళకు పైగా పట్టింది. ఈలోగా ఏం జరిగిందో చెబుతాను.

నన్ను కొన్నది ఒక జిల్లా విద్యాశాఖ. జిల్లా పేరెందుకు లెండి, అందరూ మంచివాళ్ళే. సర్కారు డబ్బుకి ఒక పట్టుదల ఉంది. మార్చి ముప్పై ఒకటిలోపు ఖర్చు కాకపోతే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బడులకు గదులు కట్టాలంటే రెండేళ్ళు పడుతుంది. కరెంటు తీగలు లాగించాలంటే ఆర్నెల్లు. మార్చి ఇరవై ఎనిమిదిన ఇవన్నీ ఎవరు చేస్తారు? ప్రొజెక్టర్లయితే రెండు రోజుల్లో లారీలో వచ్చేస్తాయి. అలా నేనూ, నా తోడబుట్టినవి ఇరవై తొమ్మిదీ ఆ జిల్లాకి దిగాం.

నా వంతుకి వచ్చింది హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డుకి అవతల ఉన్న ఇప్పలగూడెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. అప్పుడు అందులో రెండు వందల పన్నెండు మంది పిల్లలు. కరెంటు హెడ్మాస్టరు గదిలో మాత్రమే, ఒక ఫ్యానుకీ ఒక బల్బుకీ సరిపడా. తరగతి గదుల్లో ప్లగ్గు పెట్టే చోటు లేదు, తెర లేదు, నన్ను కంప్యూటరుకి కలిపే తీగ లేదు, ఆ మాటకొస్తే కంప్యూటరే లేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగాన్ని నేనే.

హెడ్మాస్టరు విశ్వనాథం సార్‌కి రిటైర్మెంటు మూడేళ్ళ దూరంలో ఉంది. ఆయనకి నామీద కోపం లేదు, భయం ఉంది. సామాను పోయినా, పాడైనా, బాధ్యుడైన మాస్టరు జీతంలోంచి కోస్తారని ఆయన ముప్పై ఏళ్ళుగా విన్నాడు.

"దీనికేమన్న అయితే నా పింఛనుల రికవరీ పెడతరు. ముట్టకుండ్రి," అని స్టాకు రిజిస్టరులో "ప్రొజెక్టర్లు: ఒకటి" అని రాసి, నన్ను పెట్టెతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బీరువాలో నా ఇరుగుపొరుగు ఒక సొట్టపడ్డ గ్లోబు, పలకని హార్మోనియం, సీసాలో చుట్టుకుని పడుకున్న ఒక పాము. ఏడాదికి ఒక్కసారి, దసరాకి ముందు ఆయుధ పూజ నాడు, బీరువా తెరుచుకునేది. విశ్వనాథం సార్ నన్ను బయటికి తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, కొబ్బరికాయ కొట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టేవాడు. మొదటి ఏడు బొట్టు పెట్టడానికి చోటు వెతుక్కుని, సరిగ్గా నా కంటిమూత మీద పెట్టాడు. ఆ గులాబి మరక ఇప్పటికీ పోలేదు. పూజ అయ్యాక ప్రసాదం పిల్లలకి, నేను బీరువాకి. మూడు దసరాలు అలాగే గడిచాయి. ఆయన్ని తిట్టుకోవాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, అంత భక్తిగా చూసుకున్నవాణ్ణి ఏమని తిడతాం?

ఆయన రిటైరయ్యాక ఖాజా మొహినుద్దీన్ సార్ హెడ్మాస్టరుగా వచ్చాడు. అదే నెలలో సైన్సు చెప్పడానికి స్వరూప టీచర్ వచ్చింది. కొత్త హెడ్మాస్టరు బీరువా తెరిచి నన్నూ, పామునీ, హార్మోనియాన్నీ మార్చి మార్చి చూసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టుకో అమ్మా. వాడితే ఖరాబైతది అంటరు. మూలకుంటె గూడ ఖరాబే అయితది గద."

నా పదేళ్ళ ఉద్యోగంలో ఇంత తెలివైన మాట నేను వినలేదు.

స్వరూప టీచర్ తన సొంత ల్యాప్‌టాప్ తెచ్చింది. అటెండరు బాలమల్లు ఎనిమిదో తరగతి గోడ మీద మంచం అంత మేర సున్నం వేసి తెర తయారు చేశాడు. హెడ్మాస్టరు గది కిటికీలోంచి తీగ లాగారు. టీచర్ నా కంటిమూత తీసి మీట నొక్కింది. గోడ మీద మనిషి గుండె కనబడింది, కొట్టుకుంటూ. ఎవరూ చెప్పకుండానే నలభై మంది పిల్లలూ నలభై చేతులు తమ ఎదల మీద పెట్టుకున్నారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల, "టీచర్, నాది దానికంటె జల్ది కొట్టుకుంటుంది!" అని అరిచింది. ఆ రోజు నాకు సంతోషం పట్టలేదు. మూడేళ్ళ చీకటి ఆ ఒక్క అరుపుతో తీరిపోయింది.

అదే సంతోషంలో స్వరూప టీచర్ ఒక పొరపాటు చేసింది. సెప్టెంబరులో బడి వివరాల ఫారం వచ్చింది. ఏడాదికి ఒకసారి ప్రతి బడీ నింపాల్సిన పుస్తకమంత ఫారం. అందులో సామాన్ల పేజీలో "ప్రొజెక్టర్లు ఎన్ని? స్థితి ఏమిటి?" అని ఉంది. ఆమె తన మంచి పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో, గర్వంగా రాసింది: "ఒకటి. చక్కగా పనిచేస్తుంది."

నేనూ గర్వపడ్డాను. ఇద్దరం కలిసి బడి మెడకి గుదిబండ కట్టామని అప్పుడు మాకు తెలియదు.

తరువాతి ఏడేళ్ళలో ఇప్పలగూడెం గుర్తుపట్టలేనంతగా మారింది. జొన్న చేలు వెంచర్లయ్యాయి, వెంచర్లు అపార్టుమెంట్లయ్యాయి. వాటిని కట్టడానికి పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చిన వాళ్ళ పిల్లలు మా బడిలో చేరారు. రెండు వందల పన్నెండు ఆరు వందల నలభై అయింది. సెక్షన్లు పదమూడయ్యాయి, గదులు పన్నెండే. మిగిలిన తొమ్మిదో తరగతి సి సెక్షన్ని సైకిల్ షెడ్డులో కూర్చోబెట్టారు. పైన రేకులు, చుట్టూ గాలి.

ఈ పదమూడింటికీ కలిపి ప్రొజెక్టర్లు: ఒకటి. అంటే నేను. బాలమల్లు తన భార్య పాత శాలువాలో నన్ను చంటిబిడ్డలా చుట్టి, ఒక గది నుంచి ఇంకో గదికి మోసేవాడు. ఈలోగా గదులన్నింటికీ కరెంటు వచ్చింది, ప్రతి గదిలోనూ గోడ మీద వాడు సున్నం చదరం వేశాడు. గంట కొట్టగానే, "మల్లన్నా, మాకియ్యి! మా వంతు!" అని మూడు గుమ్మాల్లోంచి పిల్లలు కేకలేసేవాళ్ళు. మనుషులు పోట్లాడుకునేది ఆస్తుల కోసమే అని ఎవరో అంటే నమ్మకండి. నా కోసం ఏడో తరగతి బి వాళ్ళూ ఆరో తరగతి ఎ వాళ్ళూ కొట్టుకున్నారు.

షెడ్డులో మాత్రం నా ఆటలు సాగలేదు. పట్టపగటి ఎండలో నా వెలుగు ఎంత? పిల్లలు బ్యాగులు ఎత్తి ఎండకి అడ్డం పట్టేవాళ్ళు. చేతులు నొప్పెట్టి దించగానే బొమ్మ మాయం. వెనకవాళ్ళకి గుండె కాదు గదా, తెరగా నిలబెట్టిన సున్నం రేకు కూడా సరిగ్గా కనబడేది కాదు. ఒకరోజు ఒడిశా పిల్ల సుభద్ర ముందుకొచ్చి నా ముందు నిలబడి, తన తెల్ల యూనిఫాం చొక్కా వీపు తెరగా చూపించింది. "టీచర్, నా మీద వెయ్యండి," అంది. ఆ వీపు మీద పడ్డ బొమ్మ అరచేయంత ఉంది. స్వరూప టీచర్ ముఖం పక్కకి తిప్పుకుంది.

ఈ ఏడేళ్ళలో మూడుసార్లు జిల్లా నుంచి బడులకి కొత్త సామాను వచ్చింది. మూడుసార్లూ జాబితాలో మా బడి లేదు. పక్క మండలంలో తొంభై మంది పిల్లలున్న బడికి కూడా గోడకి తగిలించే డిజిటల్ ప్యానెళ్ళు వచ్చాయి. పెద్ద టీవీ అంత ఉంటాయట, వేలితో రాస్తే రాత పడుతుందట, పట్టపగలు కూడా కనబడతాయట. స్వరూప టీచర్ మండల ఆఫీసుకి వెళ్ళి అడిగి వచ్చి, మొహినుద్దీన్ సార్ గదిలో కుర్చీలో కూలబడి జరిగింది చెప్పింది. నేను పక్క బల్ల మీదే ఉన్నాను.

"లిస్టుల మన బడి ఎందుకు లేదు అని అడిగిన సార్. 'మీకు ఉన్నది గద మేడం' అన్నడు ఆ క్లర్కు. ఉన్నది ఒక్కటి, పిల్లలు ఆరు నూర్ల నలభై అంటి. ఏమన్నడో ఎరుకేనా? 'పిల్లల లెక్క వేరే పేజీల ఉంటది మేడం. గిది సామాన్ల పేజీ.'"

సున్నా ఉన్న బడులకి ముందు ఇవ్వాలని పైవాళ్ళు ప్లాను వేశారు. అది న్యాయమే. కానీ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, ఆరు వందల మందికి నేను చాలను, నేనుండగా ఇంకొకటి రాదు.

"నేనే రాసిన సార్. నా చేత్తోని రాసిన, చక్కగా పనిచేస్తుంది అని," అంది స్వరూప టీచర్.

ప్యానెళ్ళ రెండో విడత జాబితా ఆ నెల ఇరవయ్యో తారీకుకి మూసేస్తారని కూడా ఆమె కనుక్కుని వచ్చింది. ఇది తప్పితే మళ్ళీ మూడేళ్ళ దాకా ప్యానెళ్ళ మాట లేదు. అప్పటికి ఇప్పుడున్న తొమ్మిదో తరగతీ పదో తరగతీ బడి దాటిపోతాయి. జాబితాలోకి రావాలంటే దారి ఒక్కటే. జిల్లా నుంచి ఇంజనీరు వచ్చి నన్ను పరీక్షించి, పనికిరానిదని రిజిస్టరులోంచి కొట్టేయాలి. ఒకటి సున్నా కావాలి.

మొహినుద్దీన్ సార్ ఆ పూటే జిల్లాకి ఉత్తరం రాశాడు: "ప్రొజెక్టర్ పనిచేయుట లేదు." రాసి, నావంక చూడలేక ఉత్తరాన్ని కవరులో పెట్టేశాడు. ఇంజనీరు పంతొమ్మిదో తారీకున వస్తానని కబురు వచ్చింది.

పద్దెనిమిది మధ్యాహ్నం హిందీ సార్ చిన్న ఉపాయం చెప్పాడు. "ఏం లేదు మేడం, లోపలి బల్బు పీకేద్దాం. ఇంజనీరు మేడం పోయినంక మల్ల పెట్టుకుందం."

స్వరూప టీచర్ స్క్రూడ్రైవరు తెచ్చుకుని నా ముందు కూర్చుంది. నిజం చెప్పాలా? పీకేయమనే నేను లోలోపల బతిమాలుకున్నాను. సుభద్ర వీపు మీద పడ్డ ఆ అరచేయంత బొమ్మ నా కళ్ళ ముందే ఉంది. నేను పోతే పోనీ, వాళ్ళకి పెద్ద తెర రానీ అనుకున్నాను. ఆమె ఒక మర విప్పింది. రెండో మర మీద స్క్రూడ్రైవరు పెట్టి ఆగిపోయింది. విప్పిన మర మళ్ళీ బిగించింది.

"నాతోని కాదు సార్. రేపు తొమ్మిది సి ల కాంతి పాఠం నాది. బల్బు పీకి అబద్ధమాడొచ్చి ఆ పాఠం ఎట్ల చెప్పాలె?"

మర్నాడు జిల్లా నుంచి హైమవతి గారని ఇంజనీరు వచ్చింది. నడివయసు మనిషి, భుజాన గుడ్డ సంచి, కాళ్ళకి దుమ్ము. నన్ను బల్ల మీద పెట్టించి, కంటిమూత మీది బొట్టు చూసి చిన్నగా నవ్వి, మీట నొక్కింది.

నా బతుకులో మొదటిసారి వెలగకూడదనుకున్నాను. వెలిగాను. ఎన్నడూ వెలగనంత బాగా వెలిగాను. గోడ మీద గుండె టకటకా కొట్టుకుంది.

"పని చేయడం లేదని రాశారు కదండీ?" అని అడిగింది హైమవతి గారు.

మొహినుద్దీన్ సార్ నేల చూపులు చూశాడు. హిందీ సార్ కిటికీలోంచి బయటికి చూశాడు. స్వరూప టీచర్ ముందుకు వచ్చింది.

"పనిచేస్తది మేడం. మంచిగనే పనిచేస్తది. మాకు సరిపోతలేదు, గంతే. తప్పు రాసినం. మీరేం రాస్తరో రాయుండ్రి."

ఇంజనీరు నా వీపు మీది మీటలు నొక్కుతూ, నేనెన్నడూ ఎవరికీ చూపించని ఒక పేజీ గోడ మీద తెరిచింది. నేను ఎన్ని గంటలు వెలిగానో లెక్కపెట్టుకునే పేజీ అది. ఐదు వేల ఎనిమిది వందల పన్నెండు.

"దీని బల్బుకి కంపెనీ రాసిన ఆయుష్షు నాలుగు వేల గంటలండీ," అందామె. "ఆ పైన పద్దెనిమిది వందల గంటలు ఇది మీ మీద ప్రేమ కొద్దీ పనిచేస్తోంది. ఆయుష్షు దాటిన సామాను తీసేయొచ్చని రూలు ఉంది. పాడైపోయిందని అబద్ధం ఎందుకు రాశారు? ఆ రూలు కాగితం మీ బీరువాలోనే ఉండుంటుంది."

నిజంగానే ఉంది. మా పాము సీసా కింద నాలుగు మడతలు పెట్టి, సీసా ఊగకుండా.

హైమవతి గారు స్టాకు రిజిస్టరులో ఎర్ర సిరాతో నా పేరు మీద అడ్డంగా గీత గీసి, "కాలపరిమితి ముగిసినది" అని రాసి సంతకం చేసింది. నాకు బాధ అనిపించలేదంటే అబద్ధం. కానీ స్వరూప టీచర్ మూతి బిగించి నవ్వు ఆపుకోవడం చూశాక, ఆ గీత నాకు బహుమతిలా కనబడింది.

తరువాత ఆమె గదులు లెక్కపెట్టింది. పన్నెండు. షెడ్డు దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపింది. "రేకుల షెడ్డుకి ప్యానెల్ రాదండీ. గోడ ఉండాలి, తలుపు ఉండాలి, తాళం ఉండాలి."

డిసెంబరులో పన్నెండు ప్యానెళ్ళు వచ్చాయి. బాలమల్లు వేసిన సున్నం చదరాల మీదే వాటిని బిగించారు. కొలత సరిగ్గా సరిపోయిందని వాడు వారం రోజులు గొప్పలు చెప్పుకున్నాడు. పిల్లలు వాటి మీద వేళ్ళతో రాస్తుంటే నాకు కాస్త ఈర్ష్య కలిగింది, దాచను. పదేళ్ళలో పిల్లల్ని ఎవరూ నన్ను ముట్టుకోనివ్వలేదు మరి.

నన్ను విరిగిన బెంచీలతోపాటు మండల ఆఫీసు ఆవరణలో పాత సామాన్ల కుప్పలో పడేశారు. నెల రోజులు కాకులు నా మీద వాలాయి. ఒక ఉదయం వేలం పెట్టారు. పాత ఇనుము కొనే మనిషి ఒకడు వచ్చి నన్ను ఎత్తి చూసి, "ఇండ్ల ఇనుమే లేదు," అని విసుక్కున్నాడు.

అప్పుడు వచ్చింది కిష్టమ్మ. బాలమల్లు భార్య, బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఆమె కన్ను పడింది నా మీద కాదు, నా పక్కనున్న, అన్నం వండే సొట్టపడ్డ పెద్ద అల్యూమినియం గంజు మీద. గంజూ, రెండు విరిగిన కుర్చీలూ, నేనూ ఒకే కుప్ప. నాలుగు వందల యాభైకి కుప్పంతా ఆమెదైంది. గంజు నెత్తిన పెట్టుకుని, నన్ను అందులో కూర్చోబెట్టుకుని ఇంటికి బయల్దేరింది. దారిలో బాలమల్లు ఎదురొచ్చాడు.

"దీన్నేం జేస్తవే?"

"నేనేం జేస్త? తొమ్మిది సి పోరగాండ్లకు టీవీ రాలె గద. ఆళ్ళకిస్త."

మొహినుద్దీన్ సార్ మొదట కంగారుపడ్డాడు. తరువాత నెమ్మదిగా ఆయనకి విషయం అర్థమైంది. ముఖం వెలిగిపోయింది. "కిష్టమ్మా, ఇగ ఇది నీ సొంతం. నా రిజిస్టర్ల లేదు. పోయినా, పగిలినా నన్ను ఎవడూ అడగడు!" ఆ రోజు ఆయన నా నెత్తి మీద చేయి వేసి నిమిరాడు. పదేళ్ళలో ఒక హెడ్మాస్టరు నన్ను భయం లేకుండా ముట్టుకోవడం అదే మొదలు.

షెడ్డు ఎండకి కూడా కిష్టమ్మే మందు కనిపెట్టింది. భోజనాల బియ్యం వచ్చే గోనె సంచుల్ని విప్పి, దబ్బనంతో కుట్టి, షెడ్డు చుట్టూ పరదాలు కట్టింది. వంటగదిలోంచి తీగ లాగింది. రోజూ పొద్దున్న బియ్యం గంజుతోపాటు నన్ను తెచ్చి షెడ్డులో దించి, "జర మంచిగ చెప్పు," అని నాకే చెప్పి, పొయ్యి దగ్గరికి పోతుంది. పాఠం చెప్పేది నేనే అని ఆమె గట్టి నమ్మకం. స్వరూప టీచర్ ఆ నమ్మకాన్ని దిద్దలేదు.

మొన్న సెప్టెంబరులో మళ్ళీ ఫారం వచ్చింది. ఈసారి దాన్ని పట్టుకుని హైమవతి గారే వచ్చింది, కొత్త గదుల ప్లాను కోసమట. గోనె పరదా ఎత్తి లోపలికి తొంగిచూసి అలాగే నిలబడిపోయింది. చల్లటి చీకటి, కాస్త బియ్యం వాసన. ఎదుట సున్నం వేసిన రేకు మీద గుండె కొట్టుకుంటోంది. యాభై ఒక్కమంది పిల్లలు ఎదల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. సుభద్ర ఇప్పుడు పదో తరగతి, గదిలో చదువుతుంది. అయినా గుండె పాఠం అని తెలిసి, స్వరూప టీచర్ని అడిగి, వచ్చి చివర కూర్చుంది.

ఇంజనీరు నన్ను గుర్తుపట్టింది, కంటిమూత మీది బొట్టుతో. సంచిలోంచి ఫారం తీసి సామాన్ల పేజీ తెరిచింది. పెన్ను ఎత్తింది. నా లోపలి ఫ్యాను ఆగినంత పనైంది. మళ్ళీ "ఒకటి" అని రాస్తుందా? మళ్ళీ నేను వీళ్ళకి అడ్డమవుతానా?

గరిటె చేతిలోనే పట్టుకుని కిష్టమ్మ పరుగున వచ్చింది.

"మేడం, గిది సర్కారుది కాదు, నాది. వేలంల కొన్న, రశీదు ఇంట్ల ఉన్నది. దీన్ని రాయకుండ్రి. గీ పిల్లలకు గది లేదు, గది రాయుండ్రి."

హైమవతి గారు కాసేపు ఆమెనీ, కాసేపు రేకు మీది గుండెనీ చూసింది. పిల్లల లెక్క వేరే పేజీలో ఉంటుంది గదా, అందుకని సామాన్ల పేజీ అంచున ఖాళీలో తన చేత్తో ఒక గీత గీసి, అక్కడ రాసింది: "తొమ్మిది సి. పిల్లలు యాభై ఒక్కరు. గది లేదు. వెంటనే కావాలి." ఆ తరువాత కిందికి వచ్చి, నా గడిలో ఒక గుండ్రటి సున్నా చుట్టి, కిష్టమ్మకి చూపించింది.

ఈ కాగితం ఎక్కడిదాకా వెళుతుందో, గది ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. నా బల్బు ఏ రోజైనా పోవచ్చు. పదేళ్ళు ఆ గడిలో ఒకటినై ఉండి ఈ బడికి నేను చేసిన దానికంటే, ఆ పూట సున్నానై చేసిందే ఎక్కువ అనిపించింది. హైమవతి గారు ఫారం మూసి సంచిలో పెట్టుకుంది గానీ వెంటనే వెళ్ళలేదు. చెప్పులు విడిచి, సుభద్ర పక్కన చాప మీద చోటు చూసుకుని కూర్చుంది. కాసేపటికి ఆమె చేయి కూడా ఎద మీదికి వెళ్ళింది.